ఖమర్‌బీ దాచిన ఆకు

ఖమర్‌బీ మందు ఉత్తదని ప్రొద్దుటూరు ఆసుపత్రిలో తేలిపోయిందన్న మాట 1956 ఎండాకాలంలో బస్సెక్కి జమ్మలమడుగుకు వచ్చింది. వచ్చిన మాట ఊరికే ఉంటుందా? కాఫీ హోటల్లో కాసేపు కూర్చుంది, నాపరాళ్ల గనుల్లో ఎండనపడి తిరిగింది, పొద్దు వాలేసరికి ఆమె ఇంటి గడపే తొక్కింది. దాన్ని మోసుకొచ్చినవాడు మరెవరో కాదు, ఆమె మొగుడు హబీబుల్లా. గనిలో రాయి కొట్టేవాడు. సుత్తీ ఉలీ మూలన పడేసి, మొహం కూడా కడుక్కోకుండా చెప్పేశాడు.

“నీ ఆకు కట్టిన గొర్రెల పుండ్లలో పురుగులు పడినాయంట. ఒకటి చచ్చిపోయినాదంట. ఉప్పునీళ్లతో కడిగినవే బాగుండాయంట.”

ఖమర్‌బీ రొట్టె కాలుస్తోంది. పెనం మీద రొట్టె తిప్పి, అది పొంగేదాకా చూసి, అప్పుడు తలెత్తింది.

“ఎవురన్నారు?”

“గనిలో అందురూ అంటాండారు. దెబ్బ తగిలినోళ్లను ఇంగ మీ ఇంటికి పంపేది లేదని మేస్త్రీ కూడా అనె.”

“గొర్రెలు అబద్ధం చెప్పవు. నా మందూ చెప్పదు. నడమ యాడనో అబద్ధముండాది,” అంది ఖమర్‌బీ.

ఆ అబద్ధం ఎక్కడుందో ఆమెకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే అంత ధీమాగా అనేది కాదేమో. ఏమో, ఖమర్‌బీ సంగతి చెప్పలేం, అప్పుడూ అనేదేమో.

ఆమె పుట్టింది పులివెందులలో. తండ్రి ఇంటింటికీ తిరిగి పరుపులు కుట్టేవాడు. పద్నాలుగేళ్లకు హబీబుల్లాకు భార్యగా జమ్మలమడుగు వచ్చింది. అత్త జానీబీ చేతిలో రెండు మందులుండేవి. ఒకటి గాయానికి కట్టే ఆకు, ఇంకొకటి కడుపులో పుండుకు తాగించే వేరు కషాయం. నాపరాళ్ల గనులున్నచోట గాయాలకు కరువేముంది? పలక జారితే కాలివేలు పోతుంది, ఉలి జారితే అరచెయ్యి చీలుతుంది. ఇక కడుపుపుండు అంటారా, ఉంటే సంగటీ ఎర్రకారం, లేకపోతే చెంబెడు నీళ్లు, ఇదీ అక్కడి కూలివాళ్ల తిండి. కాబట్టి జానీబీ అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు మూలుగుతూ ఉండేవాళ్లు. కోడలు ముప్పై ఏళ్లకు వచ్చాక ఆ అరుగు ఆమెదయింది.

ఆ ఇంట్లో ఆకు కోయడానికి ఒక పద్ధతి ఉండేది. పొద్దు పొడవకముందే పోవాలి, కోసేటప్పుడు ఎవరు పలకరించినా పలకకూడదు. అన్నిటికన్నా గట్టి కట్టడి ఇంకొకటి. అసలాకు ఏదో మూడోకంటికి తెలియకూడదు. తెలిస్తే మందు చచ్చిపోతుందని జానీబీ నమ్మకం. ఆమెకు ఆమె అత్త చెప్పింది, ఆ అత్తకు ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. అందుకని అసలాకుతో పాటు మూడింతలు తుత్తురబెండ ఆకు కలిపి ఆముదంతో నూరేవాళ్లు. తుత్తురబెండ వల్ల మంచీ లేదు చెడ్డా లేదు, చూసేవాళ్ల కళ్లు కప్పడానికే. దాన్ని వాళ్లింట్లో తోడాకు అనేవాళ్లు. ఖమర్‌బీ ఇరవై ఏళ్లుగా తోడాకు కలుపుతోంది. అన్నంలో ఉప్పు వేసినట్టు ఆ చెయ్యి దానంతటదే కలిపేది.

ఈ పరీక్ష గొడవ మొదలుపెట్టింది డాక్టర్ రామసుబ్బయ్య. ప్రొద్దుటూరులో వర్తకులు చందాలేసుకుని పెట్టిన చిన్న ధర్మాసుపత్రిలో పనిచేసేవాడు. మద్రాసులో చదివి వచ్చినవాడే గాని, మనుషుల్ని తీసిపారేసే రకం కాదు. ఉందంటే నమ్మడు, లేదన్నా నమ్మడు, తానే చూడాలంటాడు. ఒక రాళ్లకూలీ జ్వరమని వస్తే అతని పాదం మీద పాతగాయం మచ్చ చూశాడు. ఉలితో నిలువునా చీలిన పాదం, కుట్టు లేకుండా అంత నున్నగా మానడమేమిటని అడిగాడు. ఖమర్‌బీ ఆకు అని చెప్పాడు కూలీ. ఆ వారమే డాక్టరు బస్సెక్కి జమ్మలమడుగు వచ్చి, ఆమె అరుగు మీద చాప కూడా అడగకుండా కూర్చున్నాడు.

“పసరు వద్దమ్మా, ఆకే కావాల. గొర్రెల మీద చూస్తాను. పనిచేస్తే పదిమందికి పనికొస్తాది,” అన్నాడు.

ఖమర్‌బీకి గర్వం వేసింది. ఎందుకు వెయ్యదు? అంత చదివినాయన గుమ్మంలోకి వచ్చి ఆకు అడుగుతున్నాడు. లోపల్నుంచి జానీబీ దగ్గింది. ఆ దగ్గుకు అర్థం కోడలికి తెలుసు. తెల్లారి గంపనిండా ఆకు పంపింది, అసలాకూ తోడాకూ కలిపి. ఏది ఏదని చెప్పలేదు. ఎండాకాలం, అసలాకు దొరకడమే కష్టం, గంపలో అది పిడికెడు కూడా లేదు. ఆయన రెండూ కలిపే నూరతాడులే అనుకుంది. అడగని మాట చెప్పకపోవడం అబద్ధం కాదని కూడా అనుకుంది.

ఫలితం ఇదిగో, హబీబుల్లా మోసుకొచ్చాడు.

మర్నాడు ఖమర్‌బీ పులివెందుల బస్సెక్కింది. డాక్టరు దగ్గరికి కాదు, గొర్రెల దగ్గరికి. పరీక్షకు గొర్రెలిచ్చినవాడు పెద్దన్న, పులివెందుల పక్క పల్లెలో వంద జీవాలున్న కాపరి. బొచ్చు కత్తిరించేటప్పుడు కత్తెర తగిలి తెగిన గొర్రెల్లో పదింటిని ఎంచి, ఐదింటికి ఆకు, ఐదింటికి ఉప్పునీళ్లు అని పెట్టాడు డాక్టరు. పెద్దన్న ఆమెను చూడగానే కర్రకు ఆనుకుని నిలబడ్డాడు గాని కూర్చోమనలేదు.

“చచ్చిన గొర్రెను చూసేకి వచ్చినావా బూబమ్మా? పూడ్చేసినా.”

“గొర్రెను కాదప్పా. నువ్వు కట్టిన ఆకు మిగిల్నాదా?”

మిగిలింది. పాకలో గోనెపట్టా కింద ఎండి ముడుచుకుని ఉంది. ఖమర్‌బీ ఒక ఆకు విప్పి చూసింది, రెండోది విప్పింది, గుప్పెడు తీసి నేల మీద పరిచింది. అంతా తుత్తురబెండే.

“దీంట్లో ఒక తీగ ఉండాల. ఏమాయె?”

“తీగనా? గడ్డీగాదం పడిందని ఆసుపత్రి కాంపౌండరు ఏరి పారేసె. అంత సన్న తీగ నాలుగు పోగులుండె, అంతే.”

ఖమర్‌బీకి తల కొట్టేసినట్టయింది. అక్కడే గొర్రెల దొడ్డి గోడ మీద కూలబడింది. మందును పారేసి, కళ్లు కప్పే ఆకును కట్టారు. తప్పు కాంపౌండరుది కాదు. గంపలో ఎక్కువున్నదే మందనుకోవడం ఎవరికైనా న్యాయమే. గొర్రె చచ్చింది తాను నోరు మూసుకోవడం వల్ల. ఈ సంగతి పెద్దన్నకు చెప్పాలా వద్దా అని ఆమె నోట్లో నీళ్లు నమలలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

పెద్దన్న కడుపు పట్టుకుని ముందుకు వంగాడు. ఆయనకు పదేళ్లుగా కడుపులో పుండు. పరగడుపున మంట, తింటే ఇంకో మంట.

“మీరు దాచుకునేది దాచుకుంటిరి, నా గొర్రె పోయె,” అన్నాడు.

“పోయినాది. దానికి బదులు నిజం తెస్తా, సూడు,” అంది ఖమర్‌బీ.

ఇంటికొచ్చి చెప్పగానే జానీబీ నిప్పులు చెరిగింది. ఈ ఇంటి మందును బజారున పెడతావా, నా కడుపున పుట్టినదానివైతే ఇట్లా చేస్తావా అంది. హబీబుల్లా తల్లి వైపో పెళ్లాం వైపో తేల్చుకోలేక వాకిట్లోకి పోయి బీడీ ముట్టించాడు.

“ఆకు పేరు చెప్తే మందు చస్తాది, యాదుంచుకో,” అంది జానీబీ.

“చెప్పకపోతే చచ్చినాది గదత్తా. ఊరూరా ఖమర్‌బీది దొంగమందు అంటాండారు. ఎట్లయినా చచ్చేదే అయితే, చెప్పే చావనీ.”

ఆషాఢం వానలు పడి కంచెలు పచ్చబడ్డాక, ఖమర్‌బీ ఒడినిండా అసలాకు కోసుకుని ప్రొద్దుటూరు వెళ్లింది. ఆసుపత్రి వసారాలో జనం కిటకిటలాడుతున్నారు. తన మందు పనిచేయదని చెప్పుకున్నది పదిమందిలోనే కదా, పనిచేస్తుందని కూడా పదిమందిలోనే చెప్పాలని ఆమె పట్టు. డాక్టరు గదిలోకి రమ్మన్నా వెళ్లలేదు. దోసెడు ఆకు గిన్నెలో పిసికి, చెంబెడు నీళ్లు పోసి కలిపి, ఆ గిన్నెను వసారా అరుగు మీద అందరికీ కనిపించేట్టు పెట్టింది. కాసేపటికి ఆ నీళ్లు పచ్చగా పెరుగులా గడ్డకట్టాయి.

జనంలో ఎవరో నవ్వారు. “ఇది దూసర తీగ గదమ్మే. కట్టెలమోపులు కట్టుకుంటాం దీంతో.”

“అదే. దూసరాకే. మీ కంచెల మీద పారే తీగే. నేను ఇరవై యేండ్లుగా దాచిపెట్టినా. డాకటరు సారు తప్పు ఈసమెత్తు లేదు, తప్పు నాది. ఇప్పుడు దీన్ని పరీచ్ఛ పెట్టమని అడిగేకి వచ్చినా.”

రామసుబ్బయ్య గడ్డం గోక్కున్నాడు. ఆయనకు నమ్మకం కుదరలేదు, కుదరకపోవడమూ సహజమే.

“మొన్న ఆ ఆకంటివి, ఈపొద్దు ఈ ఆకంటాండావు. ఇది కూడా ఓడితే ఇంకో ఆకు తెస్తావు. గొర్రెలెవరిస్తారు మళ్లీ?”

“గొర్రెలెందుకు సారూ. నాకు రెండు చేతులుండాయి.”

ఆ మాటకు అర్థమేమిటో ఎవరికీ తెలిసేలోపే ఆమె కొంగులోంచి ఆకు కోసే కత్తి తీసి ఎడమ ముంజేతి మీద అంగుళమంత గీసింది. కత్తి చెయ్యి మార్చి కుడి ముంజేతి మీద కూడా అంతే గీసింది. రక్తం వసారా బండల మీద పడింది. ఒక ముసలామె కళ్లు మూసుకుంది. డాక్టరు కత్తి లాక్కున్నాడు.

“నీకు మతి పోయిందా?”

“లేదు. ఒక చేతికి దూసరాకు కట్టు. ఒకదానికి ఉప్పునీళ్లు పెట్టు. ఏది ఏ చేతికో నువ్వే చెప్పు, నేను ఏరుకోను.”

డాక్టరుకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, చివరికి చేతులు కడుక్కుని కుర్చీ లాక్కున్నాడు. ఎడమ చేతికి ఆకు, కుడి చేతికి ఉప్పునీళ్లు. రోజూ బస్సులో వచ్చి చూపించి పొమ్మన్నాడు. తొమ్మిదో రోజుకు ఎడమ చేతి గాటు మూసుకుంది, కుడి చేతిది ఇంకా ఎర్రగా నోరు తెరుచుకుని ఉంది. డాక్టరు రెండు చేతులూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, ఒక మనిషి చేతులు చాలవు, ఇంకా చూడాలి అన్నాడు. ఖమర్‌బీ చూడమంది. ఈ చేతుల సంగతి విని పెద్దన్న తనంతట తానే కత్తెర గాట్లున్న పన్నెండు గొర్రెల్ని తోలుకొచ్చాడు. ఆడమనిషి తన ఒళ్లు కోసుకుంటే నేను గొర్రెల్ని దాచుకునేదా అన్నాడట. ఈసారి ఆకు కట్టిన ఆరూ ముందుగా మానాయి. ఒక్కదానికీ పురుగు పడలేదు.

ఆ రాత్రి జానీబీ కోడలి ఎడమ చెయ్యి దీపం దగ్గర తిప్పి తిప్పి చూసింది. పేరు చెప్పినా చావని ఆకును చూసి ఏమనాలో ఆమెకు తోచలేదు. నీ రక్తం మంచిదిలే, అందుకే మానింది అని పడుకుంది.

ఖమర్‌బీ అక్కడితో ఊరుకుని ఉంటే కథ సుఖంగా ముగిసేది. ఊరుకునే మనిషి అయితే మొదటే ఊరుకునేది. గొర్రెలు మానిన రోజే డాక్టరును అడిగింది.

“కడుపుపుండు వేరు కూడా సూడు సారూ. సుగంధపాల వేరు. ఇదీ చెప్పేస్తాండా, ఇంగ నాకాడ దాపరికం లేదు.”

“మనిషికి రెండు కడుపులుండవు గదమ్మా, ఒకదాన్లో వేరూ ఒకదాన్లో నీళ్లూ పోసేకి,” అన్నాడు డాక్టరు. అయితే ఎనిమిది మంది కడుపుపుండు వాళ్లు కావాలన్నాడు. అందరికీ నలభై రోజులు ఒకటే పథ్యం, ఖమర్‌బీ పెట్టే పథ్యమే. కారం లేదు, పులుపు లేదు, బీడీ లేదు, వేళ తప్పకుండా రాగి అంబలీ మజ్జిగా. నలుగురికి వేరు కషాయం. మిగతా నలుగురికి మాడిన బెల్లం కలిపిన నీళ్లు, చూడ్డానికి కషాయంలాగే ఉంటాయి. ఎవరికి ఏది ఇస్తున్నదీ తన పుస్తకంలో రాసుకుంటాడు. తాగేవాళ్లకు చెప్పడు, ఖమర్‌బీకీ చెప్పడు. అంటే మోసం చేసినట్టు కాదా అని ఆమె అడిగింది. అందరికీ ముందే చెప్పి ఒప్పించే చేస్తాను, ఏది దొరికిందన్నది మాత్రం ఆఖర్న చెబుతాను అన్నాడు. ఆమె ఒప్పుకుంది. ఎనిమిది మందిలో పెద్దన్న మొదటివాడు.

నలభై రోజులూ ఖమర్‌బీ ధీమాగానే ఉంది. రెండో వారానికే పెద్దన్న నిద్రపోతున్నానని చెప్పాడు, మూడో వారానికి మజ్జిగలో ముద్ద కూడా కలుపుకు తిన్నానన్నాడు. ఆమె వేళ్ల మీద లెక్కేసుకుంది, ఇదీ గెలిచినట్టే అని.

లెక్క తేలిన రోజుకు ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయి మూడు రోజులయింది. ఆసుపత్రి గుమ్మానికి కట్టిన మామిడాకులు వాడిపోయి ఇంకా వేలాడుతున్నాయి. డాక్టరు ఆమెను గదిలో కూర్చోబెట్టి పుస్తకం తెరిచాడు. వేరు తాగిన నలుగురిలో ముగ్గురికి తగ్గింది. బెల్లం నీళ్లు తాగిన నలుగురిలోనూ ముగ్గురికి తగ్గింది.

ఖమర్‌బీ మళ్లీ చెప్పమంది. ఆయన మళ్లీ చెప్పాడు.

“అంటే వేరులో ఏమీ లేదా?”

“ఎనిమిది మందితో గట్టిగా చెప్పలేను. ఉన్నట్టు మాత్రం నాకు కనపడలేదు. పథ్యమే పని చేసినట్టుండాది.”

ఇరవై ఏళ్లుగా కొండల్లో తవ్వి తెచ్చిన వేరు. నెత్తిన గంప పెట్టుకుని, కాళ్లకు పల్లేరుకాయలు గుచ్చుకుంటూ తెచ్చిన వేరు. డాక్టరు ఆమె మొహం చూసి మెత్తబడ్డాడు.

“దూసరాకు సంగతి కడప పెద్దాసుపత్రికి రాసి పంపుతాండా. వేరు సంగతి రాయకుండా వదిలేస్తాలే. తాగితే చెరుపేమీ లేదు గదా. నువ్వు ఇచ్చుకుంటే ఇచ్చుకో.”

ఖమర్‌బీ కళ్లు తుడుచుకుంది. “రెండూ రాయి,” అంది. “నా పేరుతోనే రాయి.”

ఆ తర్వాత ఆమె బతుకు మారిన మాట నిజం. దూసరాకు అందరి కంచె మీదా ఉంది, పేరు తెలిశాక అరుగుదాకా ఎవరొస్తారు? గనిలో దెబ్బ తగిలితే అక్కడే పక్క కంచెలో కోసుకుని నూరి కట్టుకునేవాళ్లు. జానీబీ దెప్పింది, చూసుకో నీ పరీక్ష చేసిన పని అని. వాళ్లకు మానతాండాది గదత్తా అని కోడలు ఊరుకునేది. మిగిలింది కడుపునొప్పివాళ్లే. ఎవరు తాగింది వాళ్లకు చెప్పాడంతే డాక్టరు, వేరు ఓడిందన్న మాట ఆసుపత్రి కాగితాలు దాటి ఊళ్లలోకి రాలేదు. వాళ్లు ఎప్పటిలాగే పులివెందుల నుంచీ, ప్రొద్దుటూరు నుంచీ కషాయం కోసం వస్తూనే ఉన్నారు. ఆమె నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు.

ఆ సంక్రాంతి దాటాక ఒక పొద్దున పెద్దన్న వచ్చాడు. అరుగు మీద అప్పటికే ఇద్దరు కొత్తవాళ్లు కడుపు పట్టుకుని కూర్చున్నారు. పెద్దన్న మంచి రంగు తేలి ఉన్నాడు. నెత్తి మీది కంబళి దించి, వాళ్లిద్దరి వైపు తిరిగి, ఈ యమ్మ వేరు నా ప్రాణం నిలబెట్టినాది, నమ్మకంగా తాగండి అని చెప్పాడు. తర్వాత ఖమర్‌బీతో అన్నాడు.

“బూబమ్మా, నెలదినాలుగా మళ్లీ కారం తింటాండా. మంట మొదులాయె. ఇంకో నలభై దినాలకు వేరియ్యి.”

“నీకు ఇచ్చింది వేరు కాదప్పా,” అంది ఖమర్‌బీ. “మాడిన బెల్లం నీళ్లు. డాకటరు పుస్తకంలో సూసినా. తక్కినోళ్లకు ఆయప్ప చెప్పినప్పుడు నువ్వు గొర్రెల సంతలో ఉంటివి, వినలా.”

పెద్దన్న నోరు తెరుచుకుని చూశాడు. “మరి నాకెట్ల తగ్గె?”

“కారం ముట్టకుంటివి, బీడీ మానుకుంటివి, వేళకు అంబలి తాగితివి. ఇప్పుడూ అదే చెయ్యి. అట్లా తగ్గకుంటే ప్రొద్దుటూరుకు పో. నా ఇంట్లో ఇంగ వేరు లేదు, తవ్వేది మానుకున్యా.”

పెద్దన్న అరుగు మీదివాళ్లను ఓరగా చూసి, గొంతు తగ్గించాడు. “మెల్లగా చెప్పమ్మా. మొన్న ఆకు పోయె, ఇప్పుడు ఇది కూడా పోతే నీ ఇంటికి ఎవురొస్తారు?”

“పరీచ్ఛ పెట్టమని అడిగింది నేను. గెల్చింది నాది, ఓడింది నాది కాదంటే ఎట్లప్పా?”

ఈ మాట ఆమె మెల్లగా అనలేదు. అరుగు మీద కూర్చున్న ఇద్దరికీ వినపడాలనే అంది. వాళ్లకు వినపడింది. ఒకడు లేచి వెళ్లిపోయాడు. రెండోవాడు కాసేపు తటపటాయించి, ఆ అంబలి ఎట్లా కాయాలో చెప్పమన్నాడు.